అమ్మలూ, ఫోర్క్ విప్పేముందు ఇది చదువు

అమ్మలూ,

నువ్వు సెకండ్ హ్యాండ్‌లో మౌంటెన్ బైక్ కొన్నావని, సంక్రాంతి సెలవుల్లో స్నేహితులతో అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్తావని, ఈలోగా ముందు ఫోర్క్, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకుని కుదుపులు మింగే ఆ రెండు కాళ్ళు, నీ చేత్తోనే విప్పి సర్వీసు చేసుకుంటావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. దానికి భయంగా ఉంది. నాకూ ఉంది. కానీ మనింటి ఆడపిల్ల పానా పట్టుకుని కూర్చుంటానంటే నాకెంత సంతోషం వేసిందో దానికి చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఎక్కడం గురించి నాకు బెంగ లేదు. శృంగవరపుకోట వైపు దిగేటప్పటి సంగతే నా బెంగంతా. అందుకే ఈ ఉత్తరం.

ముందు షాక్ పంపు కొను, ఫోర్క్‌కి గాలి కొట్టే చిన్న చేతిపంపు అది. పెట్రోలు బంకులో ఫోర్క్‌కి గాలి పట్టించకు. లోపల గాలి గది చాలా చిన్నది, ఒక్క క్షణంలో వత్తిడి చూపే ముల్లు ఎక్కడికో పోతుంది. పంపు విప్పేటప్పుడు వచ్చే ‘చస్స్’ పంపు గొట్టంలోని గాలిది, ఫోర్క్‌ది కాదు. మళ్ళీ పంపు తగిలిస్తే ఫోర్క్‌లోంచి కాస్త గాలి గొట్టంలోకి పోతుంది కాబట్టి ముల్లు తక్కువ చూపిస్తుంది. అది చూసి కారుతోందని కంగారుపడకు.

నీ ఫోర్క్ 130 మి.మీ. ప్రయాణం ఉన్నది, అంటే అది కుంగగలిగే దూరం అంత. హెల్మెట్, బూట్లు, నీళ్ళ సంచీ అన్నీ వేసుకుని తూగు. ఆ బరువుకి ఫోర్క్ కాలి మీది స్టిక్కర్ ఎంత చెబితే అంత గాలి కొట్టి, హ్యాండిల్ మీద బరువు వేసి పదిసార్లు కొంచెం కొంచెంగా నొక్కు. లోపల పైగది, కిందిగది సమానమవుతాయి, ముల్లు పడుతుంది, మళ్ళీ సరిచెయ్యి. తర్వాత కంప్రెషన్, అంటే ఫోర్క్ కుంగే వేగాన్ని అదుపు చేసే నాబ్, పూర్తిగా తెరిచి, గోడ పట్టుకుని పెడళ్ళ మీద నిలబడు. కూర్చుంటే లెక్క తప్పుతుంది. పై గొట్టం మీది రబ్బరు ఓ-రింగును సీలు దాకా, అంటే ఆ గొట్టం కిందికాలిలోకి దూరే చోటి రబ్బరు పట్టీ దాకా దించి, కుదుపు లేకుండా దిగు. అది 26 మి.మీ. దగ్గర ఆగితే 20 శాతం సాగ్, అంటే నీ బరువుకే ఫోర్క్ కుంగే కొలత, నీకు సరిపోతుంది. దిగిపోయేది ఎక్కువైతే గాలి వత్తిడి 5 పీఎస్‌ఐ పెంచు, తక్కువైతే 5 తగ్గించు. గట్టిగా ఉంటే బలం అనుకుని గాలి ఎక్కించే పిల్లల్ని చాలామందిని చూశాను. చివరి 40 మి.మీ. ప్రయాణం వాళ్ళకి ఎప్పటికీ దక్కదు, రాళ్ళ దెబ్బంతా మణికట్టుకే.

రీబౌండ్ అంటే కుంగిన ఫోర్క్ తిరిగి లేచే వేగం. దాన్ని మార్చేది కుడికాలి అడుగున ఉన్న ఎర్ర నాబ్. మెల్లిగా కుడికి చివరిదాకా మూసి, అక్కణ్ణుంచి ఎడమకి క్లిక్కులు లెక్కపెట్టు. మొత్తంలో సగం దగ్గర మొదలుపెట్టు. హ్యాండిల్ నొక్కి వదిలితే ముందు చక్రం నేల మీంచి ఎగిరితే వేగం ఎక్కువ, ఒకటి రెండు క్లిక్కులు మూసుకో. వరస రాళ్ళ మీద ఫోర్క్ కిందికి కుంగిపోతూ, గట్టిపడిపోతూ ఉంటే వేగం తక్కువ, తెరుచుకో. గాలి పెంచితే రీబౌండ్ కాస్త మూయాలి. ఈ అంకెలన్నీ నోటుపుస్తకంలో రాసుకో.

ఇక అసలు సంగతి. గాలి అందరూ చూసుకుంటారు. కిందికాళ్ళలో ఉండే నూనెని ఎవరూ చూడరు. అది రెండు చెంచాలంత. పై గొట్టాలు ఆ కాళ్ళలోని బుష్‌ల మీద, అంటే లోపలి జారుడు ఉంగరాల మీద జారేది ఆ నూనె వల్లే, సీలు కింద ఉన్న ఫోమ్ రింగు తడిగా ఉండేదీ దాని వల్లే. నీ పాత సైకిల్ గుర్తుందా? మూడేళ్ళు ఎంవీపీ కాలనీలో ఆ సముద్రం వైపు బాల్కనీలో పెట్టావు. వారానికోసారి ప్రెషర్ వాషర్‌తో కడిగించావు. కీచుమంటే తుప్పు వదిలించే స్ప్రే సీళ్ళ మీద కొట్టావు. స్ప్రేతో గ్రీజు కరిగిపోయింది. వాషర్ నీళ్ళు సీలు పెదవిని దాటి లోపలికి వెళ్ళాయి. ఆ సీలు లోపలి నూనెని ఆపడానికీ, పైనుంచి మట్టి తుడవడానికీ పెట్టింది, అంత వత్తిడి నీళ్ళని ఆపలేదు. నూనె తెల్లగా పాలలా మారి, తర్వాత బూడిదరంగు బురదయ్యింది. ఫోమ్ ఎండిపోయింది. బ్రేకు కొట్టినప్పుడల్లా గొట్టం బుష్‌కి ముందూ వెనకా ఒరుసుకుంటుంది కాబట్టి అక్కడే నల్లపూత పోయి, వేలి వెడల్పున వెండి చార పడింది. ఆ పూత మళ్ళీ రాదు. గొట్టాలు పైన కిరీటంలో నొక్కి బిగించినవి, విడిగా మార్చలేరు. గొట్టాలు, కిరీటం, హ్యాండిల్ దాకా పోయే స్టీరర్ గొట్టం కలిపి ఒక్కటిగానే కొనాలి. నువ్వు ఆ సైకిల్‌ని అమ్మేశాక ఏడ్చావని మీ అమ్మ చెప్పింది. ఆ చార మొదటిసారి కనిపించినప్పుడే నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది, తల్లీ.

కాబట్టి కొన్న సైకిల్‌కి ముందు ఈ పరీక్ష చెయ్యి. గొట్టాలు తుడిచి గోరుతో అడ్డంగా గీస్తూ పో. గోరు ఎక్కడైనా తగులుకుంటే అదే రేపు సీలుని కోస్తుంది. చిన్న గాటైతే 2000 నంబరు నీటికాగితంతో, అంటే తడిపి రుద్దే గరుకుకాగితంతో, అంచు మాత్రమే నునుపు చేసి, గోళ్ళ రంగు నింపి ఆరాక మళ్ళీ నునుపు చెయ్యి. తర్వాత ముందు బ్రేకు పట్టుకుని, సీలు దగ్గర రెండు వేళ్ళు ఆనించి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపు. ‘టక్’ అక్కడ తెలిస్తే బుష్, పైన తల దగ్గర తెలిస్తే హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు. చార గానీ, బుష్‌లో వదులు గానీ ఉంటే నాకు చూపించకుండా డబ్బు పెట్టకు.

కిందికాళ్ళ సర్వీసు 50 గంటల సవారీకి ఒకసారి. సెకండ్ హ్యాండ్ సైకిల్ కాబట్టి ఎన్ని గంటలైందో నీకు తెలీదు, ఇప్పుడే చేసెయ్యి. కుడికాలి లోపలి డ్యాంపర్, అంటే ఫోర్క్ వేగాన్ని అదుపు చేసే నూనె గొట్టం, దాని జోలికి పోకు. అది 200 గంటలకి చూడాల్సింది, దాన్ని వర్క్‌షాపుకే వదిలెయ్యి.

చక్రం తీసి, బ్రేకు కాలిపర్ విప్పి సంచీలో చుట్టి దూరంగా పెట్టు. గాలి వదులు: వాల్వు మీద గుడ్డ వేసి, చిన్న అల్లెన్ కీతో మెల్లిగా నొక్కు. హ్యాండిల్ నొక్కి వదిలి మళ్ళీ నొక్కు, చప్పుడు పూర్తిగా ఆగేదాకా. అమ్మలూ, ఈ ఒక్క మాట నా మీద ఒట్టేసి విను. గాలి ఉండగా పైమూత పానాకి అందకూడదు. అది తూటాలా లేచి మొహాన్ని తాకుతుంది. ఈ పనికి పైమూత విప్పనే అక్కర్లేదు.

ఎర్ర నాబ్ లాగేసి, అడుగున ఉన్న రెండు బోల్టులు మూడు నాలుగు చుట్లు మాత్రమే వదులు చెయ్యి. చాలా ఫోర్కుల్లో 5 మి.మీ. అల్లెన్ సరిపోతుంది. కీ అందులోనే ఉంచి రబ్బరు సుత్తితో తట్టు, లోపలి కడ్డీ ఊడుతుంది. బోల్టు పూర్తిగా తీసేసి కొడితే కడ్డీ మర పాడవుతుంది. కడ్డీ ఊడాక కింద పళ్ళెం పెట్టి, బోల్టులు పూర్తిగా తీసేసి కాళ్ళు లాగు. వచ్చే నూనెని తెల్లగుడ్డ మీద చూడు: పారదర్శకంగా ఉంటే మంచిది, బూడిదరంగైతే అరుగుదల, పాలలా ఉంటే నీళ్ళు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో కాళ్ళ లోపల తుడువు. ఫోమ్ రింగులు తీసి పిండి, కొత్త నూనెలో నాననివ్వు. సీలు పెదవులకి సస్పెన్షన్ గ్రీజు పల్చగా రాయి. ఎక్కువ రాస్తే మట్టిని పట్టుకుంటుంది. గొట్టాల మీదికి కాళ్ళు సగం ఎక్కించేటప్పుడు సీలు పెదవి లోపలికి మడత పడకుండా రెండు వైపులా చూస్తూ నెట్టు. సైకిల్‌ని ఏటవాలుగా పట్టుకుని, బోల్టు కంతలోంచి సిరంజీతో నూనె పొయ్యి. ఎన్ని మి.లీ., ఏ నూనె అన్నది ఆ ఫోర్క్ మోడల్ సర్వీసు పట్టికలోదే వాడు, కుడికీ ఎడమకీ వేరుగా ఉండొచ్చు. ఎక్కువ పోస్తే కిందిగాలి నొక్కుకుపోయి చివర ప్రయాణం అందదు. తక్కువైతే పైన చెప్పిన చార మొదలు. కాళ్ళు పూర్తిగా ఎక్కించి, బోల్టులు కొత్త వాషర్లతో టార్క్ రెంచ్ మీద, అంటే ఎంత బిగువో కొలిచే పానాతో బిగించు. చాలా రాక్‌షాక్స్ కంపెనీ ఫోర్కులకి 7.3 న్యూటన్ మీటర్లు, అయినా నీ మోడల్ పుస్తకం చూసుకో, వేరే కంపెనీదైతే దాని పుస్తకం చూడు. చేత్తో బిగించేసి సరేననుకోకు. కాలు మెగ్నీషియం, గట్టిగా బిగిస్తే పగులుతుంది.

చక్రం ఎక్కించేముందు చేతులు సబ్బుతో కడుక్కో. ఫోర్క్ ఎడమకాలు ఆల్కహాల్‌తో తుడువు. నా అసలు భయం ఇదే. బ్రేకు ఆ కాలి మీదే ఉంది. ఒక్క చుక్క నూనె డిస్క్ మీద పడితే ప్యాడ్ తాగేస్తుంది, ఘాట్‌లో మలుపు దగ్గర బ్రేకు కేకపెడుతుంది గానీ పట్టదు. మర్నాడు పొద్దున అడుగు బోల్టుల దగ్గర తెల్లగుడ్డ ఆనించు. మరక పడితే బయల్దేరకు.

సముద్రం ఊరు మనది. పెయింటు పెచ్చు లేచిన చోటల్లా మెగ్నీషియాన్ని ఉప్పు తినేస్తుంది, అక్కడా గోళ్ళ రంగే వెయ్యి. రుషికొండ, భీమిలి ఇసకలోకి దించావంటే ఆ సాయంత్రమే మంచినీళ్ళతో, గుడ్డతో తుడిచి ఆరబెట్టు. ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం సైకిల్ తీసుకెళ్ళకు. ఆ నేల కాపాడుకోవాల్సినది, పైగా ఆ సన్నధూళి సీళ్ళలో దూరి గొట్టాల్ని గీకుతుంది. బాల్కనీ నుంచి సైకిల్‌ని లోపలికి తెచ్చుకో, హాల్లో గోడకి ఆనించినా ఎవరూ ఏమీ అనరు. బయల్దేరే ముందు పది నిమిషాలు తలకిందులుగా ఉంచితే ఫోమ్ రింగులు తడుస్తాయి.

ఇంకొకటి. ఇక్కడ 30 డిగ్రీల్లో 65 పీఎస్‌ఐ పెట్టుకుని వెళ్తే, 900 మీటర్ల ఎత్తున అరకులో 10 డిగ్రీల తెల్లవారున అది సుమారు 61 అవుతుంది. కారలేదు, గాలి చల్లబడి ముడుచుకుంది. చలిలో మళ్ళీ ఎక్కించాలనిపిస్తే ఎక్కించు, కానీ ఎండెక్కాక సాగ్ మళ్ళీ కొలువు, ఇంటికొచ్చాక అలాగే వదిలెయ్యకు. షాక్ పంపు సంచీలో ఉండాలి. దిగేటప్పుడు లాక్‌అవుట్, అంటే ఫోర్క్ కుంగకుండా ఆపే మీట, తీసెయ్యి, ఇద్దరి మధ్యా దూరం ఉంచు, వేడెక్కిన బ్రేకుల కోసం మధ్యలో ఆగు.

కొత్త వాషర్లు రెండు జతలు కవర్లో పెట్టి మీ అమ్మకి ఇచ్చి పంపుతున్నాను, ఒక జత పొరపాటుకి. నా టార్క్ రెంచ్ కూడా అందులో ఉంది. బోల్టులు బిగించాక ఆ తెల్లగుడ్డ ఫోటో నాకు పంపు, అది చూశాకే పడుకుంటాను.

నీ మావయ్య
గోపాలపట్నం, విశాఖపట్నం