ఇంగ్లీషులో రాసిన భారతీయ నవలల్లో మానవతావాదం అంటే ఏమిటి?

ఒంగోలులో ఎం.ఏ. చదువుతున్న మా మేనకోడలు ఇదే అడిగింది: "మానవతావాదం అంటే జాలేనా మామయ్యా?" కాదు. జాలిపడేవాడు పైమెట్టు దిగడు. మానవతావాదం ఆ మెట్టు ఎందుకుందని అడుగుతుంది. మనిషి విలువ పుట్టుకతో రాదని, బాధకు కారణం కర్మ కాదు, మనుషులు చేసుకున్న ఏర్పాటేనని దాని వాదన.

ముల్క్‌రాజ్ ఆనంద్ 1935లో ప్రచురించిన 'అన్‌టచబుల్' చూడండి. పాకీపని చేసే బఖా జీవితంలో ఒక్క రోజే కథ. జిలేబీలు కొనుక్కుని తింటూ నడుస్తూ ఒక అగ్రకులస్థుడికి పొరపాటున తగులుతాడు. తిట్లు, గుంపు, చివరికి చెంపదెబ్బ, జిలేబీలు దుమ్ముపాలు. తీపి మీద అతని ఆశను రచయిత ముందే చూపించాడు కనుక ఆ దెబ్బ మనకూ తగులుతుంది.

చివర్లో మూడు దారులు వినిపిస్తాయి: మిషనరీ బోధ, గాంధీ ప్రసంగం, మలాన్ని నీళ్లతో కడిగేసే యంత్రం గురించి ఒక కవి మాట. (నా ఓటు యంత్రానికే. ఎదుటివాడి మనసు మారేదాకా ఆగనక్కరలేదు.) రెండో దారి మన జిల్లాలకు కొత్తేమీ కాదు, నెల్లూరు దగ్గర పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమాన్ని గాంధీ 1921లోనే ప్రారంభించారు.

ఆర్.కె. నారాయణ్ కథల్లో ఈ చూపు చిరునవ్వు చాటున ఉంటుంది. అయితే అన్నిటికంటే ముందు ఉన్నవ లక్ష్మీనారాయణ తెలుగు నవల 'మాలపల్లి' చదవమన్నాను మా మేనకోడలితో. అది 1922 నాటిది, ఆనంద్ నవల కంటే పదమూడేళ్లు పెద్దది.