చెప్పులు ఒడ్డున విడిచే ముందు

చిరంజీవి పాపకు అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆఫీసు స్నేహితులు పన్నెండు మందిని వెంటేసుకుని డిసెంబర్‌లో కర్నూలు వస్తున్నావట, రెండు రోజులు ఊరూ ఏరూ అన్నీ నువ్వే దగ్గరుండి చూపిస్తావట. కూర్గుకీ ఊటీకీ పోయే వయసులో మన ఊరు గుర్తొచ్చిందా నీకు! అప్పటికప్పుడు ఎదురింటి వాళ్లకు చెప్పి వచ్చాను. వచ్చి పడుకుంటే మాత్రం నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి లేచి కాగితం తీసుకున్నా. ఫోన్‌లో టైప్ చేయడం నా వల్ల కాదు. కింద వాటాలో ఉండే పిల్లాడితో ఫోటోలు తీయించి పంపుతాను. నా గొలుసుకట్టు రాత చూసి నవ్వకుండా ఓపిగ్గా చదువు.

ముందు మామూలు సంగతులు. గదులు ముందే మాట్లాడుకోండి. టోపీలు తెచ్చుకోమను, డిసెంబర్ అయినా మన ఎండ మన ఎండే. ఎక్కడెక్కడ బాత్‌రూంలు ఉన్నాయో ముందుగా కనుక్కుని పెట్టుకో. మొగపిల్లలకు ఇది తట్టదు. ఆడపిల్లలు ఆ భయానికి పొద్దంతా గుక్కెడు నీళ్లు తాగకుండా తిరిగి, సాయంత్రానికి తలనొప్పి అంటూ కూలబడతారు. ముప్పై ఏళ్లు ఎక్స్‌కర్షన్లు తిప్పినదాన్ని, నాకు తెలుసు.

కొండారెడ్డి బురుజు పొద్దున్నే చూపించు, ఆటోలూ తోపుడుబండ్లూ చుట్టుముట్టకముందే. సినిమాల్లో జీపులు గాల్లోకి లేచింది ఇక్కడేనా అని ఎవరో ఒకరు అడుగుతారు, తప్పదు. నవ్వి ఊరుకో. తుంగభద్ర ఏటి కింద నుంచి సొరంగం ఉందనే కథ కూడా చెప్పు, అయితే అది కథ అని చెప్పి మరీ చెప్పు. ఈ ఊరు మూడేళ్లు రాజధాని అని వాళ్లలో ఎంతమందికి తెలుసో చూడు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి 1956 దాకా ఇక్కడి నుంచే పరిపాలన. ఆఫీసులు పెట్టడానికి ఇళ్లు చాలక గుడారాలు వేశారని మీ అబ్బ చెబుతుండేవాడు. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన మొహంలో అదోరకం గర్వం, ఆ గుడారాలు ఆయనే కట్టినట్టు.

అక్కడి నుంచి హంద్రీ ఒడ్డున ఉన్న, ఒకప్పుడు కర్నూలును ఏలిన అబ్దుల్ వహాబ్ గోరీ దగ్గరికి నడిచే పోవచ్చు. చాలామంది దాన్ని వదిలేసి పోతారు. మీరు వదలొద్దు. ఆ గుమ్మటాల కింద పది నిమిషాలు కూర్చోండి, చల్లగా ఉంటుంది.

అలంపురానికి మాత్రం ఒక పూట మొత్తం పెట్టు. ఇప్పుడు రాష్ట్రం వేరైనా ఏరు దాటితే మనవాళ్లే. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, పదమూడు వందల ఏళ్ల పైమాట. జోగులాంబ దర్శనం అయిపోగానే బస్సెక్కేవాళ్లే ఎక్కువ. నువ్వు స్వర్గబ్రహ్మ గుడి చుట్టూ నిదానంగా నడిపించు, ఆ గోడల మీద బొమ్మలు చూడ్డానికి గంట చాలదు. పక్కనే కూడవెల్లి సంగమేశ్వరుడి గుడి ఉంది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని రాయి రాయి విప్పి, తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. మీ సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఆ సంగతి నచ్చుతుంది.

ఇంకో సంగమేశ్వరం, సప్తనదీ సంగమం దగ్గరిది, నీ లిస్టులో ఉందని మీ నాన్న అన్నాడు. అది తీసెయ్. డిసెంబర్‌లో ఆ గుడి నీళ్లలో ఉంటుంది. శ్రీశైలం వెనక నీళ్లు తగ్గుముఖం పట్టి, ఎండలు ముదురుతుంటే బయటికొస్తుంది. లోపల ఉన్నది వేపమొద్దు లింగం, ఏటా అన్ని నెలలు నీళ్లలో నానుతూ కూడా అట్లాగే ఉంది. దానికోసం వేసవిలో వేరేగా రా, నేనూ వస్తా. రోళ్లపాడు అభయారణ్యానికి పోతే బట్టమేక పిట్ట కనిపిస్తుందని ఎవరికీ ఆశ పెట్టొద్దు. కృష్ణజింకలు కనిపిస్తే అదే చాలనుకోండి. ఓర్వకల్లు రాళ్లవనం సాయంత్రం పూట పెట్టుకోండి, మధ్యాహ్నం ఆ బండలు పెనం లెక్క కాలుతుంటాయి.

ఇక ఏటి సంగతి. ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం.

నీకు నా నోరు వచ్చింది పాపా. కథ మొదలుపెడితే మధ్యలో ఆపవు. అదే నా భయం. ఎందుకో చెప్తాను, మీ నాన్నకు కూడా ఇప్పటిదాకా తెలియదు.

1984. నేను ఉద్యోగంలో చేరి రెండో ఏడు. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ముప్పై ఒక్క మందిని ఆగస్టులో ఒక శనివారం తుంగభద్రకు నడిపించుకుని పోయాను. సోషల్ పాఠం ఏట్లో కూర్చుని చెబుదామని నా సరదా. పెద్ద టీచర్ ఒకావిడ తోడొస్తానంటే నేనే వద్దన్నాను. ఆ ఏడు ఇంకా పెద్దగా నీళ్లు రాలేదు. మోకాలి లోతు పాయ ఒకటి దాటితే అవతల ఇసుక, ఇసుక నడుమ నల్లటి బండలు. చెప్పులు ఇసుక అంచున వరసగా పెట్టించాను, క్రమశిక్షణ అని. టిఫిన్ డబ్బాలు బండ మీద.

కందెనవోలు కథ మొదలుపెట్టాను. అలంపురం గుడికి రాళ్లు మోసుకుపోయే బండ్లు ఈ రేవు దగ్గర ఆగేవి, ఏరు దాటే ముందు ఇరుసులకు కందెన పూసుకునేవాళ్లు, అందుకే ఈ ఊరు కందెనవోలు అయింది, అదే నోరు తిరిగీ తిరిగీ కర్నూలు. బండివాడి గొంతుతో, ఎద్దుల రంకెతో, చేతులు తిప్పుతూ చెబుతున్నా. పిల్లలు కన్ను ఆర్పకుండా వింటున్నారు. అట్లా వినేవాళ్లు దొరికితే మనిషికి ఒళ్లు తెలియదు.

చివర కూర్చున్న ఒక పిల్ల చెయ్యెత్తింది. "టీచర్, నీళ్లు టీ రంగులోకి వచ్చాయి" అంది.

చూశాను. నిజమే. పొద్దున అడుగు కనిపించిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి, మీద నురగ, చొప్ప ముక్కలు తేలి వస్తున్నాయి. కొత్తనీళ్లు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, అవి కొత్తనీళ్లని నాకు తెలియకపోలేదు. "పైన ఎక్కడో వానలు పడినట్టున్నాయిలే, చెయ్యి దించు" అన్నాను. అప్పుడే బండి ఏట్లోకి దిగే ఘట్టం వచ్చింది, దాన్ని చెడగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది.

వరద అంటే గోడలాగా హోరుమని వస్తుందనుకుంటారు. ఆ రోజు ఏ చప్పుడూ లేదు. ఇసుకను నాకుతూ, జానెడు ముందుకొచ్చి, బెత్తెడు వెనక్కిపోయి, మళ్లీ జానెడు ముందుకు. నా కంటికి మొదట కనిపించినవి చెప్పులు. మొదటి వరసలో ఒక నీలం పట్టీల చెప్పు మెల్లగా పక్కకు తిరిగింది, ఎవరో కాలితో తోసినట్టు. దాని పక్కది లేచింది. తర్వాత వరసంతా కదిలింది.

పాయలో నీళ్లు అప్పటికే నడుముదాకా ఉన్నాయి. నా చీర కొంగూ, పిల్లల ఓణీలూ ముడివేసి, ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి దాటించాను. ఒడ్డున గొర్రెలు మేపుకునే ముసలాయన ఒకరు దిగి అవతలి కొస పట్టుకున్నాడు. ఆయన లేకుంటే ఈ ఉత్తరం ఉండేది కాదు. సగం మంది దాటాక ఒక పిల్ల చెయ్యి విడిపించుకుని వెనక్కి పరిగెత్తింది. వాళ్లమ్మ ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన స్టీలు క్యారియర్ బండ మీద ఉండిపోయిందట. దాన్ని జుట్టు పట్టుకుని లాక్కొచ్చి, ఒడ్డున నిలబెట్టి చెంప మీద కొట్టాను. లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. మళ్లీ పెట్టాను. మళ్లీ ముప్పై ఒకటి.

ఇంతవరకైతే తొందరపాటు అనుకోవచ్చు, దేవుడు కాపాడాడు అనుకోవచ్చు. తప్పు ఆ తర్వాత చేశాను. పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టి, బట్టలు ఆరేదాకా ఆగి, "ఇంట్లో ఎవరూ చెప్పొద్దు" అన్నాను. చెప్పులు పోయినవాళ్లు తొమ్మిది మంది. తెగిపోయాయని చెప్పమన్నాను. కాలే రోడ్డు మీద తొమ్మిది మంది ఉత్త కాళ్లతో నడిచి ఇళ్లకు పోయారు. ఇద్దరు ఇంట్లో దెబ్బలు తిన్నారని తర్వాత తెలిసింది. నీలం పట్టీల పిల్ల దసరా సెలవులదాకా చెప్పుల్లేకుండానే బడికొచ్చింది. బెంచీ కింద ఆ కాళ్లు నాకు రోజూ కనిపించేవి. నెల జీతం చేతిలో ఉంది. ఒక జత చెప్పులు ఎంత! కొనిస్తే ఎందుకు కొనిచ్చిందని వాళ్లమ్మ అడుగుతుంది, సంగతి బయటికొస్తుంది, ఉద్యోగం పోతుంది. కొనివ్వలేదు.

ఈమధ్య రైతుబజార్లో ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది, మనవడిని ఎత్తుకుని ఉంది. "టీచర్, మీరు నన్ను కొట్టారు, గుర్తుందా" అని నవ్వింది. క్యారియర్ పిల్ల. కందెన కథ కూడా గుర్తుందట, మనవడికి చెబుతుందట. నేను వంకాయలు ఏరుతున్నట్టు తల వంచుకున్నాను.

కాబట్టి విను. నువ్వు ఏటి దగ్గర కథ చెబుతుంటే ఒక మనిషిని నీళ్ల వైపు మొహం పెట్టి కూర్చోబెట్టు. వాళ్ల పని కథ వినడం కాదు. నీళ్ల అంచున ఒక రాయి గుర్తు పెట్టుకో, పది నిమిషాలకోసారి అది తడిసిందా లేదా చూడు. రంగు మారినా, నురగ వచ్చినా, పుల్లలు కొట్టుకొచ్చినా కథ అక్కడే ఆపి లేవండి. పైన సుంకేసుల దగ్గర బ్యారేజీ ఉంది, ఇక్కడ ఆకాశం తేటగా ఉన్నంత మాత్రాన నీళ్లు రావని కాదు. నడి ఏట్లో బండల మీదికి సెల్ఫీలకు పోతామంటే గట్టిగా కసురుకో, నీ పై ఆఫీసరైనా సరే. పుట్టి ఎక్కుదామని సరదా పడతారు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ పుట్టిలో కాలు పెట్టొద్దు, ఈత వచ్చినవాళ్లు కూడా. కేసీ కెనాల్, అదే కర్నూలు-కడప కాలువ, 1860లలో తవ్వింది, అప్పట్లో పడవలు నడిచాయని ఒడ్డున నిలబడి చెప్పు. కాళ్లు పెట్టి కూర్చోనివ్వకు. పైకి మెత్తగా కనిపిస్తుంది కానీ గట్లు ఏటవాలు, మీద పాచి.

అత్తకు చాదస్తం పెరిగింది అనుకుంటావేమో. 2009 అక్టోబర్ 2 వరద నీకు గుర్తుండాలి. ఎనిమిదేళ్ల పిల్లవి, మిద్దె మీద నా ఒళ్లో పడుకుని, కింద వీధిలో నీళ్లలో తేలిపోతున్న గ్యాస్ సిలిండర్లు లెక్కపెట్టావు. ఏడు అన్నావు. మీ జేజి తులసికోట మునిగిందని ఏడుస్తుంటే నువ్వేమో ఎనిమిదోది వస్తుందా అని చూస్తున్నావు. నీకు భయమంటే ఏమిటో అప్పుడూ తెలియదు.

అట్లాగని ఏటికి దూరంగా ఉండమని కాదురా తల్లీ. తుంగ పానం, గంగ స్నానం అన్నారు. సంకల్‌బాగ్ ఘాట్ మెట్ల మీద సాయంత్రం కూర్చోబెట్టు వాళ్లను. డిసెంబర్‌లో ఐదున్నర దాటాక నీళ్ల మీద వెలుతురు ఎట్లా ఉంటుందో నేను రాయలేను. ఆ కాసేపు నువ్వు కూడా ఏమీ మాట్లాడకు.

పన్నెండు మంది పేర్లు, వాళ్ల ఇళ్ల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాసి నాకొకటి పంపు. బస్సెక్కిన ప్రతిసారీ లెక్కపెట్టు. మనుషుల్ని లెక్కపెట్టు, బ్యాగుల్ని కాదు. ఏదైనా చిన్నది జరిగినా ఆ రోజే వాళ్ల ఇళ్లకు నువ్వే ఫోన్ చేసి చెప్పు. ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించు, పర్వాలేదు.

శనివారం పొద్దున టిఫిన్ మన ఇంట్లోనే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. బయటివాళ్లు కారం ఎంత తింటారో ముందే అడిగి చెప్పు, కారం తగ్గించాలంటే మిరపకాయలు వేరే రకం తెప్పించాలి. సాయంత్రం ఘాట్‌కు నేనూ వస్తాను. మోకాళ్ల నొప్పులు, నీళ్లలోకి దిగలేను, పైమెట్టు మీద కూర్చుంటాను. మీరు కాళ్లు తడుపుకోవాలనుకుంటే చెప్పులన్నీ నా పక్కన పెట్టి పోండి.

ఇట్లు,
మీ అత్త