జీఎన్ఎం తర్వాత వెంటనే బీఎస్సీకి పోవాలా?

జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయిపోయి ఆరు నెలలైందని, అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నారని రాశారు. ఇప్పుడే జీఎన్ఎం వాళ్లు చేసే నర్సింగ్ డిగ్రీ, పోస్ట్ బేసిక్ బీఎస్సీలో చేరి అటునుంచి అటే ఎమ్మెస్సీకి పోవాలా, ఉన్న ఉద్యోగంలోనే ఉండాలా అన్నది మీ ప్రశ్న. చదవండి, తప్పకుండా చదవండి. కానీ ఇప్పుడే వద్దు. ముందు రెండేళ్లు వార్డులో నిలబడండి.

నేను నాలుగేళ్లు ఉద్యోగం చేశాక పోస్ట్ బేసిక్‌లో చేరాను. చదవాలన్న పట్టుదల నాకు ఒక నైట్ డ్యూటీలో పుట్టింది.

అప్పటికి నేను చేరి ఏడాది కూడా కాలేదు. కాన్పుల వార్డు. రాత్రి ఒంటిగంట దాటింది. తాడిపత్రి వైపు నుంచి వచ్చిన అమ్మాయికి మొదటి కాన్పు, బిడ్డ పుట్టి గంటయింది. బీపీ చూస్తే 110/70, నాడి 112. బీపీ బాగానే ఉంది కదా, అలసటకు నాడి పెరిగి ఉంటుందిలే అనుకొని చార్టులో రాసేశాను. "అక్కా, దాహమైతా ఉంది" అందా అమ్మాయి. నీళ్లు పట్టమని వాళ్లమ్మకు చెప్పి పక్క మంచానికి పోయాను.

మా పెద్ద సిస్టర్ రౌండ్‌కు వచ్చింది. ఆమెదీ జీఎన్ఎమ్మే, ఇరవై ఏళ్ల సర్వీసు. చార్టు చూసి, "పొట్ట మీద చెయ్యి పెట్టి చూసినావా పాపా?" అనడిగింది. నేను పెట్టలేదు. ఆమె దుప్పటి తీసి అమ్మాయిని కాస్త పక్కకు తిప్పింది. ప్యాడ్ పైకి పెద్దగా తడిసినట్టు లేదు కానీ, నడుము కింద రబ్బరు షీటు మీద నెత్తురు మడుగు కట్టింది. నా చెయ్యి పట్టుకొని పొట్ట మీద పెట్టింది. గట్టిగా బంతిలా తగలాల్సిన గర్భసంచి పిండి ముద్దలా మెత్తగా ఉంది. "రుద్దు, ఆపొద్దు" అని నాకు చెప్పి, డాక్టరమ్మకు ఫోన్ చేయించి, గర్భసంచి ముడుచుకోవడానికి సెలైన్‌లో ఆక్సిటోసిన్ మందు ఎక్కించింది. నా అరచేతి కింద ఆ మెత్తటి ముద్ద కొంచెం కొంచెంగా గట్టిపడింది. అది నేను ఎప్పటికీ మరిచిపోను. ఆ అమ్మాయి బిడ్డనెత్తుకొని క్షేమంగా ఇంటికి పోయింది.

తెల్లారాక, "బీపీ బాగుంది కదా సిస్టర్, మీకెట్ల అనుమానం వచ్చింది?" అనడిగాను. "బీపీ ఆఖర్న పడతాది పాపా. నాడి ముందే చెప్తాది" అంది. ఎందుకు అంటే, "మా సీనియర్లు అట్లే నేర్పినారు" అంది.

ఆ "ఎందుకు" కోసమే నేను చదివాను. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరిగి ఉంటుంది. కాన్పయ్యాక కొంత పోయినా, రక్తనాళాలు బిగుసుకొని, గుండె వేగంగా కొట్టి బీపీని నిలబెడతాయి. అవి నిలబెట్టలేని స్థితికి వచ్చేసరికి చాలా రక్తం పోయి ఉంటుంది. గర్భసంచి కండరాలు అడ్డదిడ్డంగా అల్లుకొని ఉంటాయి కాబట్టి, అవి ముడుచుకుంటే మధ్యలో ఉన్న రక్తనాళాలు నొక్కుకుపోయి రక్తం ఆగుతుంది. క్లాసులో మేడం ఇది చెప్తుంటే నా అరచేతికి ఆ పొట్టే తగిలింది. నా పక్కన జీఎన్ఎం ముగించి నేరుగా వచ్చిన అమ్మాయి ఇదే పాఠాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టింది. తెలివిలో నాకంటే ఎక్కువే, కానీ గుర్తుచేసుకోవడానికి ఆమెకు ఒక మంచం లేదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. కొన్ని కాలేజీలు "రానక్కర్లేదు, హాజరు మేం చూసుకుంటాం" అంటాయి. నాకూ ఒకచోట అలాగే చెప్పారు. వాళ్లను కాదని కర్నూలులో చేరాను. సెలవు దొరికినప్పుడల్లా గుత్తి, డోన్ మీదుగా బస్సులో ఇంటికి వచ్చిపోయేదాన్ని. అట్లా వార్డుకు పోకుండా పట్టా తెచ్చుకున్నవాళ్లే రేపు పిల్లలకు పాఠం కూడా చెప్తారు. సెలైన్ ఎక్కించడానికి నరంలో క్యాన్యులా పెట్టడం చేత్తో చూపించలేని టీచర్ దగ్గర నేర్చుకున్న పిల్ల ఏ రోగి చేతిని పొడుస్తుంది? నాకు నిజంగా కడుపు మండుతుంది.

జీతం పెరుగుతుందనుకొని మాత్రం చేరొద్దు. మా ఆసుపత్రిలో పోస్ట్ బేసిక్ వాళ్లకూ జీఎన్ఎం వాళ్లకూ అదే డ్యూటీ, జీతంలో తేడా కొంచెమే. ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టుకు జీఎన్ఎం చాలు. మన రాష్ట్రంలో పల్లె క్లినిక్కుల్లో సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) కావాలంటే బీఎస్సీ నర్సింగ్ ఉండాలి. ఎయిమ్స్ వాళ్లు నర్సుల ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్ష రాయాలంటే జీఎన్ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. కాబట్టి మీరు ఇప్పుడు చేసే రెండేళ్లు ఎటూ వృథా కావు. ఎమ్మెస్సీకి కూడా ఏడాది అనుభవం కావాలి. పాఠాలు చెప్పాలని మనసులో ఉంటేనే దానికి పోండి. పోతే మీరు పని చేసిన వార్డు సబ్జెక్టే తీసుకోండి.

కాలేజీ చూడ్డానికి పోయినప్పుడు ఆఫీసులో అడక్కండి. గేటు బయట టీ కొట్టు దగ్గర అక్కడ చదివేవాళ్లను పట్టుకోండి. క్లినికల్స్‌కు, అంటే వార్డులో పని నేర్చుకోవడానికి, ఏ ఆసుపత్రికి పంపుతారు, వారానికి ఎన్ని రోజులు, కోర్సు అయ్యాక ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగివ్వడానికి మళ్లీ డబ్బులు అడుగుతున్నారా అని కనుక్కోండి. నా క్లాసులో ఇద్దరు ఒరిజినల్స్ చేతికి రాక మంచి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు.