బూచాడు కాదమ్మా, బాబాయే

ప్రశ్న: మా మరిది చాలాకాలానికి ఊరొచ్చాడు. భుజాల దాకా జుట్టు, గడ్డం, మెడలో పూసలదండలు, రంగురంగుల వదులు చొక్కా, గుడ్డసంచి. మూడేళ్ల మా పాప చూడగానే కెవ్వుమని నా కొంగులో దూరుతోంది. వీధిలోవాళ్లేమో ‘గంజాయి అలవాటైందా?’ అంటున్నారు. జుట్టు తీయించుకోమనాలా?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: అక్కర్లేదమ్మా. సంక్రాంతికి వచ్చే హరిదాసుది అంతకన్నా వింత వేషం. అయినా పిల్లలు దోసిట్లో బియ్యంతో ఎదురెళ్తారు. అమ్మ నవ్వుతూ పంపుతుంది కాబట్టే. కొత్తమనిషి కనబడగానే పసివాళ్లు ముందు చూసేది అమ్మ ముఖమే. మరిది గుమ్మంలోకి రాగానే మీరు బిగుసుకుంటే పాపకు అదే చాలు.

ఇంకొకటి, ఆ సంచి. ‘అన్నం తినకపోతే బూచాడు సంచిలో వేసుకుపోతాడు’ అని మన ఇళ్లలో రోజూ అనే మాటే. జుట్టు, గడ్డం, సంచి అన్నీ ఉన్న మనిషి ఇప్పుడు నిజంగానే వచ్చాడు. ఆ బెదిరింపు ఈ పూటే మానండి, మీ అత్తగారితోనూ మాన్పించండి.

మరిది అరుగు మీద నుంచే గొంతు వినిపించాలి. నల్లకళ్లద్దాలుంటే తీసి, కళ్లూ నుదురూ కనబడేలా జుట్టు వెనక్కి కట్టుకోవాలి. ఐదారడుగుల దూరంలో, కాస్త పక్కకు తిరిగి నేల మీద కూర్చోవాలి. ఎత్తుకోబోకూడదు, కళ్లలోకి తేరిపార చూడకూడదు. సంచి పాప ఎదుటే బోర్లించి, లోపలున్నవి ఒక్కొక్కటే చూపించాలి. తర్వాత జుట్టు విప్పి, మళ్లీ ముడేసుకోవాలి, నెమ్మదిగా, రెండుమూడుసార్లు. ఈ వయసులో వేషం మారితే మనిషే మారిపోయాడనిపిస్తుంది. మార్పు కళ్లముందు జరిగితే ఆ భయం తగ్గుతుంది. రోజుకు పది నిమిషాలు చాలు. పూసలు పట్టుకోవడానికి పాప తనంతట తానే వస్తుంది. ‘బాబాయ్ దగ్గరికెళ్లు’ అని తోస్తే మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

గంజాయి సంగతి చొక్కాను బట్టి తెలియదు. 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి వేషంతో గుమిగూడిన హిప్పీ కుర్రకారులో చాలామందికి మత్తు అలవాటుండేది. తర్వాత గోవా తీరానికి వచ్చినవాళ్లను చూసి మన పెద్దలకు ఆ వేషం, ఆ మత్తు ఒకటే అయిపోయాయి. మీరు చూడాల్సింది వేరే: కళ్లు తరచూ ఎర్రబడటం, కాలిన తాడు వాసన, మతిమరుపు, పనిమీద ధ్యాస లేకపోవడం, లెక్క తేలని డబ్బు. ఇవి లేకుండా అనుమానించడం అన్యాయం.

ప్రశ్న: నాదీ అలాంటి వేషమే. నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి లంక ఊళ్లకెళ్లి ఫొటోలు తీస్తుంటాను. జనం అనుమానంగా చూస్తారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: తేలిగ్గా తీసుకోకండి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకార్లు పాకి, దేశంలో పలుచోట్ల అమాయకులు మూకదాడుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఊళ్లోకి వెళ్లగానే ముందు టీకొట్టు దగ్గర ఆగండి. ఊరు, పేరు, వచ్చిన పని చెప్పండి. ‘ఎవరి తాలూకా?’ అంటే విసుక్కోవద్దు, తెలిసినవాళ్ల పేరు చెప్పండి. పిల్లలకు చాక్లెట్లు ఇవ్వకండి. బడి విడిచే వేళ గేటు దగ్గర నిలబడకండి. పెద్దవాళ్లను అడక్కుండా పిల్లల ఫొటో తీయకండి. జనం గుమిగూడితే పరుగెత్తవద్దు, పారిపోతే దొంగే అనుకుంటారు. చేతులు కనబడేలా నిలబడి, కెమెరాలో ఫొటోలు చూపించి, ఆ ఊరి పెద్దను పిలవమనండి. మాట పెరుగుతోందనిపిస్తే వెంటనే 112కు ఫోన్ చేయండి.