గైడ్‌లైన్స్ ఉన్నా ఆసుపత్రుల్లో ఎందుకు పాటించరు?

"డబ్ల్యూహెచ్‌ఓ, ప్రభుత్వం చికిత్సకు గైడ్‌లైన్స్ ఇస్తూనే ఉంటాయి కదా, మరి డాక్టర్లు, నర్సులు రోజువారీ పనిలో వాటిని ఎందుకు పాటించరు?" అని అడిగారు. తెలియక అని చాలామంది అనుకుంటారు. కాదండి. విజయనగరం జిల్లా గజపతినగరం వైపు ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నిద్రలో లేపి అడిగినా చెప్తాం. ట్రైనింగులకు కొదవ లేదు. టీ, బిస్కెట్లు, పీపీటీ, గ్రూప్ ఫోటో. ఆ ఫోటో సాయంత్రంలోగా వాట్సాప్ గ్రూపులో పెట్టకపోతే మాత్రం ఫోన్ల మీద ఫోన్లు.

పిల్లల విరేచనాల సంగతే తీసుకోండి. వానలు పడితే మా ఓపీ నిండా అవే కేసులు. ఇంతకంటే సులువైన గైడ్‌లైన్ ఉండదు. ఓఆర్‌ఎస్ తాగించాలి, 14 రోజులు జింక్ ఇవ్వాలి, తల్లిపాలు, తిండి ఆపకూడదు. రక్తం పడటం, కలరా లాంటివి ఉంటే తప్ప యాంటీబయాటిక్ జోలికి పోకూడదు. బాగా నీరు పోయి బిడ్డ తాగలేని స్థితికి వస్తేనే సెలైన్. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజ్ నీళ్లు కలిపించి ఇంటివాళ్ల చేతే తాగించి వేలమందిని బతికించారు. పద్మవిభూషణ్ 2023లో ఇచ్చారు, అదీ ఆయన పోయాక. మా దగ్గర మాత్రం ఈరోజుకీ బాటిల్ ఎక్కిస్తేనే వైద్యం.

ఆమధ్య ఒక ముసలమ్మ ఏడాది దాటిన మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. కళ్లు లోపలికి పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటోంది. ఊరికే చిరాకు పడుతున్నాడు గానీ గ్లాసు కనిపిస్తే రెండు చేతులూ చాపుతున్నాడు. ఆ దాహమే మాకు గుర్తు, నోటితో ఇస్తే సరిపోతుందని. ఆమె వింటేగా!

"ఏటి సిస్టరమ్మా, గుంటడు సోలిపోనాడు, నువ్వేమో నీళ్లిస్తానంటావు. నీళ్లు మా ఇంట్లో నేవేటి? ఒక బాటిలెట్టీ తల్లీ."

బయట ఆటో అతను హారన్ మీద హారన్. వెయిటింగ్ చార్జి పెరుగుతోందని ఆమెకు టెన్షన్.

గైడ్‌లైన్ ప్రకారం కిలో బరువుకు 75 మిల్లీలీటర్లు, నాలుగు గంటల్లో, చెంచాతో కొంచెం కొంచెంగా. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ. బాగానే ఉంది. ఆ నాలుగు గంటలు ఆమె ఎక్కడ కూర్చోవాలి? ఉన్న బెంచీ నిండా బీపీ మాత్రల వాళ్లు. చివరికి టీకాల గదిలో ఒక మూల ఖాళీ చేసి ఫ్యాన్ కింద కూర్చోబెట్టాం. ఆమె కళ్లెదుటే లీటరు నీళ్లు కొలిచి, ప్యాకెట్ మొత్తం కలిపి, స్టీలు గ్లాసు, చెంచా చేతికిచ్చి, "అమ్మా, ఇవి ఉత్త నీళ్లు కాదు, ఆ బాటిల్ మందే, నోటితో ఇస్తున్నాం" అన్నాను. (డాక్టర్లెవరైనా చదువుతుంటే కొట్టకండి, ఆమెకు అలా చెబితేనే ఎక్కింది.) ఆటో అతణ్ణి మా అటెండర్ సర్దిచెప్పి పంపేశాడు. మధ్యాహ్నం దాటాక పిల్లాడు ఆమె చీర మీదే ఉచ్చ పోశాడు, అంటే ఒంట్లోకి నీరు చేరిందన్నమాట. ఆ తడి కొంగు ఓపీలో అందరికీ చూపించుకుంటూ తిరిగింది!

ఆ తర్వాత మా డాక్టరు మేడమ్ ఒక పని చేశారు. తూకం మెషీన్ పైన గోడ మీద మార్కర్‌తో రాశారు: 6 కిలోలు 450, 8 కిలోలు 600, 10 కిలోలు 750. అంతకుముందు ఓపీ రద్దీలో ఎవరు గుణించి చూస్తారు? ప్యాకెట్ చేతిలో పెట్టి "తాగించండి" అనేవాళ్లం. ఇప్పుడు బరువు చూసిన చేత్తోనే ఎన్ని మిల్లీలీటర్లో చీటీ మీద రాసేస్తున్నాం. నన్నడిగితే గైడ్‌లైన్ అమలంటే అదే, మిగతాదంతా పీపీటీ. తనిఖీకి వచ్చిన ఒక సారుకి అది నచ్చలేదు. గోడ పాడుచేశారని కేకలేసి, అక్కడ నిగనిగలాడే ఇంగ్లీషు పోస్టరు అంటించమన్నారు. అంటించాం, కాస్త పక్కకి.

ఆర్‌ఎంపీలను తిట్టడం తేలిక. రాత్రి పదింటికి తలుపు కొడితే వచ్చేది వాళ్లే. వాళ్లను పిలిచి చెప్పని గైడ్‌లైన్ ఊళ్లో సగందాకే వెళ్తుంది. మందుల షాపుల సంగతి ఇంకో గోల. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి తీపి పానీయాలు ఏళ్ల తరబడి అమ్మారు. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ పట్టువదలకుండా పోరాడితే, 2025 అక్టోబరులో గానీ కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దనలేదు.

జింక్ దగ్గర మాత్రం ఇంకా ఓడిపోతూనే ఉన్నాం. విరేచనాలు కట్టగానే మాత్రలు అటకెక్కుతాయి. 14 రోజులు ఎందుకో తల్లికి కూర్చోబెట్టి చెప్పాల్సిన టైము పోర్టల్ ఎంట్రీలకు పోతోంది. అందుకే మా ఆశా వర్కర్లకు చెప్పాను, ఇంటికెళ్తే "బాబెలా ఉన్నాడు" అని అడిగి వచ్చేయొద్దు, స్ట్రిప్ తెప్పించి ఎన్ని మాత్రలు మిగిలాయో లెక్కపెట్టండి అని.