ఆర్ట్స్ చదివినవాళ్లు పర్సనల్ ట్రైనర్ కావాలంటే అనాటమీ, న్యూట్రిషన్ ఎంతవరకు రావాలి?

మీరు విజయనగరంలో డిగ్రీ అయిపోయి, సైన్సు నేపథ్యం లేకుండా ట్రైనర్ అవ్వచ్చా, అనాటమీ ఎంత లోతుగా చదవాలి, డైట్ చార్టులు రాయడం ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగారు. అవ్వచ్చు. నేను శ్రీకాకుళంలో జిమ్ ట్రైనర్‌ని, నాదీ సైన్సు డిగ్రీ కాదు. మీ టైంలో సగం అనాటమీకే ఇవ్వండి. డైట్ చార్టుల జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి, ఎందుకో చివర్లో చెప్తాను.

అనాటమీ అనగానే 206 ఎముకలు, ఆరువందల పైచిలుకు కండరాల పేర్లు బట్టీ పడతారు, పరీక్ష అయ్యాక ఒక్కటీ గుర్తుండదు. అలా కాకుండా ఒక్కో కీలు పట్టుకుని చదవండి. అది ఎటెటు కదులుతుంది, ఏ కండరం లాగితే ఆ కదలిక వస్తుంది, ఆ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంది, అంతే. ఉదాహరణకి పిక్క. పైకి కనిపించే గ్యాస్ట్రాక్నీమియస్ మోకాలికి పైన, తొడ ఎముక దగ్గర మొదలవుతుంది. దాని లోపల ఉండే సోలియస్ మోకాలి కిందే మొదలవుతుంది. రెండూ వెళ్లి అతుక్కునేది మడమకే. మోకాలు మడిచి కూర్చుంటే పైకండరం వదులైపోతుంది కాబట్టి సీటెడ్ కాఫ్ రైజ్‌లో భారం ఎక్కువగా సోలియస్ మీద పడుతుంది. పిక్క మీద చెయ్యి వేసుకుని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి మడమలు ఎత్తి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

భుజం ఇంకా జాగ్రత్తగా చదవాలి. చెయ్యి పూర్తిగా తలపైకి ఎత్తితే వచ్చే 180 డిగ్రీల్లో దాదాపు 120 భుజం కీలుది, మిగతా 60 వీపు మీది స్కాపులా ఎముక తిరగడం వల్ల వస్తుంది. మా దగ్గరికి ఒక టీచరమ్మ వచ్చారు, యాభైకి దగ్గర్లో ఉంటారు, షుగర్ ఉంది. "జడ వేసుకుందామన్నా ఎడం చెయ్యి లేవట్లేదు బాబూ, వ్యాయామం చేస్తే వదులవుతుందేమో" అన్నారు. చెయ్యి పూర్తిగా వదిలేయమని చెప్పి, మోచెయ్యి నడుముకి ఆనించి ముంజేతిని మెల్లగా బయటికి తిప్పి చూశాను. ఆవిడంతట ఆవిడ తిప్పినప్పుడు ఎక్కడ ఆగిందో నేను తిప్పినా అక్కడే గట్టిగా ఆగిపోయింది. మనిషి ఎత్తలేకపోయినా మనం ఎత్తితే లేచిందంటే ఎక్కువగా కండరం, దాన్ని ఎముకకి కలిపే టెండన్ వైపు చూడాలి, మనం కదిపినా రాలేదంటే కీలే బిగుసుకుందేమో అనుకోవాలి, పైగా షుగర్ ఉన్నవాళ్లలో ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువ. డంబెల్ ఇవ్వకుండా ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను, అదేనని తేల్చారు. జబ్బుకి పేరు పెట్టే హక్కు ట్రైనర్‌కి లేదు, కానీ ఎవర్ని ఆపి పంపించాలో తెలిసేంత అనాటమీ మాత్రం రావాల్సిందే.

ఎక్సర్‌సైజ్ సైన్స్‌కి అంత టెన్షన్ పడక్కర్లేదు. మన రెండు జిల్లాల్లో కానిస్టేబుల్, ఆర్మీ ఈవెంట్లకి (పరుగు లాంటి శారీరక పరీక్షలకి) తయారయ్యే కుర్రాళ్లు చాలామంది వస్తారు, వాళ్లతోనే సగం సబ్జెక్టు వచ్చేస్తుంది. వంద మీటర్ల పరుగుకి శక్తి ఎక్కువగా కండరంలో నిల్వ ఉన్న క్రియేటిన్ ఫాస్ఫేట్, గ్లైకోజెన్‌ల నుంచి ఆక్సిజన్ కోసం ఆగకుండానే వస్తుంది. 1600 మీటర్లు చాలావరకు ఆక్సిజన్ మీదే నడుస్తుంది. అందుకే స్ప్రింట్ల మధ్య కనీసం రెండు మూడు నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలి, ఆయాసం తీరకుండా పరిగెత్తిస్తే స్పీడ్ పెరగదు. నోటిఫికేషన్ పడగానే తార్రోడ్డు మీద దూరం పెంచేసి కాలి ముందు ఎముక నొప్పి తెచ్చుకునేవాళ్లని మీరూ చూస్తారు. ఊపిరి త్వరగానే అలవాటు పడుతుంది, ఎముకకి ఇంకా టైం కావాలి. సర్టిఫికెట్ ఏ సంస్థది తీసుకున్నా సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) మాత్రం చేత్తో చేసి నేర్చుకోండి, వీడియో చూస్తే సరిపోదు.

ఇక తిండి. జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) లెక్కలో మామూలు మనిషికి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు, కండ పెంచాలనుకుంటే సుమారు 1.6 గ్రాములు. అరవై కిలోల కుర్రాడికి ఒక లెక్కలో 50, ఇంకో లెక్కలో 96. మూడొందల గ్రాముల అన్నం తిన్నా వచ్చేది ఎనిమిది గ్రాములే, గుడ్డులో ఆరు, వంద గ్రాముల ఉలవల్లో ఇరవై పైనే. చోడి (రాగి) అంబలి మంచిదే, కాల్షియం బాగా ఉంటుంది, కానీ ప్రొటీన్ కోసం దాన్నే నమ్ముకోలేం. ఈ లెక్కలు నెలలో వచ్చేస్తాయి, అందుకే చార్టులు రాసేయాలని చెయ్యి దురద పెడుతుంది.

కానీ మీ క్లయింటు సోంపేట, కవిటి, పలాస, మందస వైపు నుంచి వచ్చి ఉండచ్చు. ఆ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో మీకు తెలుసు, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, ముదిరేదాకా మనిషి పైకి బాగానే కనిపిస్తాడు. కిడ్నీలు బాగున్నవాళ్లకి ఆ 1.6 గ్రాములతో ఇబ్బంది లేదు. దెబ్బతిన్నవాళ్లకి ప్రొటీన్ ఎంతో డాక్టరో డైటీషియనో చెప్పాలి. అందుకే నేను ప్రొటీన్ పెంచమని చెప్పేముందు కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, అంటే సీరం క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ రిపోర్టు అడుగుతాను. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కొని వేసుకుంటున్నారా అని కూడా అడుగుతాను, చెమటోడ్చి నీళ్లు సరిగా తాగకుండా అవి వేసుకుంటే కిడ్నీల మీద దెబ్బే. క్రియేటిన్ పౌడర్ వాడుతుంటే ఆ సంగతి టెస్టుకి ముందే డాక్టరుకి చెప్పమనండి, కిడ్నీలు బాగున్నా దానివల్ల క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తుంది.