‘బై’ చెప్పేముందు

అమ్మలూ,

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర గది తీసుకుని పదో తరగతి పిల్లలకి ఇంగ్లీషు చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగానే ఉంది. భయమల్లా, మొదటిరోజే ‘బై’ (by)కి పన్నెండు అర్థాలు బోర్డు మీద రాసి బైహార్ట్ చెయ్యమంటావేమోనని. ఏటి తొందర? (‘బైహార్ట్ చెయ్యడం’ కూడా మన తయారీయే. వాళ్లది ‘లెర్న్ బై హార్ట్’.)

తేలికవి చకచకా దాటెయ్యి. ‘బై బస్’లో ‘ద’ రాదు. ‘వెయిట్ బై ద బస్’ అంటే బస్సు పక్కన నిలబడమని. నడిచి వెళితే ‘ఆన్ ఫుట్’. చేసిన మనిషికి ‘బై’, వాడిన వస్తువుకి ‘విత్’. మన ‘చేత’, ‘తో’ లాగే.

పిల్లలు పప్పులో కాలేసేది గడువు దగ్గర. ‘ఐ విల్ సబ్మిట్ టిల్ ఫ్రైడే’ అని రాస్తారు. తిట్టకు, తప్పంతా మన ‘వరకు’ది. ‘శుక్రవారం వరకు టైముంది’ అని మనసులో అనుకుంటూ రాస్తే ‘టిల్’ వచ్చి పడుతుంది. తేదీని వదిలేసి క్రియని చూడమను. సాగుతూ ఉండే పనికి ‘టిల్’, ఒక్కసారితో అయిపోయే పనికి ‘బై’. ఆఫీసువాళ్లు 15వ తేదీ దాకా దరఖాస్తులు తీసుకుంటారు: టిల్. మనం 15కల్లా పంపాలి: బై. తేదీ ఒకటే చూడు. 15న పంపినా చెల్లుతుంది.

ఐదింటికల్లా వస్తానని చెప్పబోయి ‘ఐ విల్ బి దేర్ టిల్ ఫైవ్’ అన్నాడనుకో, ఐదింటికి వెళ్లిపోతాడని అవతలివాళ్లకి అర్థమవుతుంది. ‘ఐ వోంట్ కమ్ టిల్ ఫైవ్’ అంటే ఐదయ్యాకే వస్తానని. ఉద్యోగానికి ఫోన్లో మాట్లాడే పిల్లాడికి ఇది చిన్న తప్పు కాదు.

వారంపాటు క్లాసులో ‘వరకు’ని నిషేధించు. రోజుకి పది వాక్యాలివ్వు, సగం ‘కల్లా’, సగం ‘దాకా’. ‘సిరిమాను జాతరకల్లా గోడలకి సున్నం వేయించాలి’, ‘సిరిమానుదాకా అత్త ఇక్కడే ఉంటుంది’. రెండూ కలిపేసి ఇవ్వు, వరసగా ఇస్తే చూడకుండానే రాసేస్తారు.

జీతం సంగతి కూడా చెప్పు. 12,000 జీతం ‘బై 15,000’ పెరిగితే 27,000 అవుతుంది, ‘టు 15,000’ పెరిగితే 15,000 దగ్గర ఆగుతుంది. తెలుగులో ‘కి’ ఒక్కటే తేడా.

థర్టీ బై ఫార్టీ స్థలంలో ‘బై’ హెచ్చవేస్తుంది, 1,200 చదరపు అడుగులు. హోటల్లో వన్ బై టూ టీలో అదే ‘బై’ భాగిస్తుంది. ఆ టీ మన దేశం దాటితే దొరకడం కష్టమని చెప్పు, నవ్వుతారు, గుర్తుంటుంది.

ఫీజు నీ ఇష్టం. రాత్రి ఎనిమిదింటిదాకా మాత్రం పాఠం చెప్పకు. ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండు.

పెదనాన్న